ఇంకా పూర్తికాలేదు, ఆడి చూడండి

నేను తయారుచేస్తున్న వీడియో గేమ్ పేరు ‘పంటు’. పంటు అంటే మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పడవ. దాన్ని కోటిపల్లి రేవు నుంచి ముక్తేశ్వరం రేవుకి గోదావరి పాయ గౌతమి దాటించాలి. స్కూటర్లు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్ళికి బయల్దేరిన జనం, ఒక మేక, ఇలా ఒక్కొక్కటే ఎక్కుతుంటాయి. ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలో ఆడేవాళ్ళే చూసుకోవాలి. బరువు ఒక పక్కకి చేరితే పంటు ఒరుగుతుంది, మరీ ఒరిగితే ఆట అయిపోతుంది. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని కాబట్టి గరిమనాభి పాఠం ఏటా నోటికి వస్తూనే ఉంటుంది. ఆట పుట్టింది అక్కడే. పేపర్లు దిద్దడం అయ్యాక రాత్రుళ్ళు మిగిలే కాస్త టైములో చేస్తున్న పని ఇది. ప్రస్తుతానికి సగమే అయింది. ఆ సగాన్నే తెలిసినవాళ్ళ చేతుల్లో, తెలియనివాళ్ళ చేతుల్లో పెడుతున్నాను.

“మొత్తం అయ్యాక ఇవ్వచ్చుగా అక్కా, ఇప్పుడే ఎందుకు?” అంటుంది మా చెల్లెలు. నిజానికి అడగాల్సిన ప్రశ్నే. కథ రాసినవాళ్ళు తమ కథ తామే మళ్ళీ చదువుకుని ఎక్కడ సాగిందో కొంతవరకు పట్టుకోగలరు. గేమ్‌కి ఆ వీలు తక్కువ. ఏ బస్తా ఎంత బరువో నాకు తెలుసు, ఎందుకంటే ఆ అంకె వేసింది నేనే. ఏ మీట ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. తెలియని మనిషి మొదటిసారి ముట్టుకున్నప్పుడు ఏమవుతుందో చూడాలంటే నా దగ్గర లేనిదొక్కటే కావాలి, ఆ తెలియనితనం. అది బయటి నుంచి అరువు తెచ్చుకోవాల్సిందే. పైగా ఒక మనిషి దగ్గర అది ఒక్కసారే దొరుకుతుంది. రెండోసారి ఆడేటప్పటికి వాళ్ళూ తెలిసినవాళ్ళే.

సగం గేమ్‌ని జనంలోకి వదలడం కొత్త సంగతేమీ కాదు. పిల్లలున్న ఇళ్ళలో మైన్‌క్రాఫ్ట్ పేరు వినే ఉంటారు. స్వీడన్ ప్రోగ్రామర్ మార్కస్ పెర్సన్ దాన్ని 2009 మే నెలలో బయటపెట్టినప్పుడు అందులో దిమ్మలు తవ్వడం, దిమ్మలు పేర్చడం తప్ప పెద్దగా ఏమీ లేదు. జూన్ నుంచే అమ్మకం మొదలుపెట్టాడు. కొన్నవాళ్ళు ఆడుతూ ఉన్నారు, ఆయన చేరుస్తూ ఉన్నాడు. “ఇక పూర్తయింది” అన్నది 2011 నవంబరులో. 2014లో మైక్రోసాఫ్ట్ ఆయన సంస్థని 250 కోట్ల డాలర్లకి కొన్నది. అందులో చప్పుడు లేకుండా దగ్గరికొచ్చి పేలిపోయే పచ్చటి క్రీపర్ ఉంది చూడండి, అది పంది బొమ్మ చేయబోయి ఎత్తు అంకె, పొడవు అంకె తారుమారైతే పుట్టింది. మా ‘పంటు’లోనూ మేక ఒకటి లెక్క తేడా వల్ల బస్తాల మీదికెక్కి నిలబడుతోంది. సరిచేద్దామనుకునేలోపు పిల్లలు దానికోసమే మళ్ళీ మళ్ళీ ఆడటం చూశాను. మేకని అక్కడే ఉంచేశాను.

ఈ రంగంలోవాళ్ళు గేమ్ వయసుని బట్టి పేర్లు పెడతారు. ఇంకా ముఖ్యమైన భాగాలు చేరాల్సి ఉంటే ఆల్ఫా. భాగాలన్నీ ఉండి, తప్పులు ఏరుతున్న దశ అయితే బీటా. ఎప్పటికప్పుడు కట్టగట్టి బయటికిచ్చే ప్రతిని బిల్డ్ అంటారు. స్టీమ్ అనే పెద్ద గేమ్‌ల దుకాణం 2013లో ఎర్లీ యాక్సెస్ పేరుతో పూర్తికాని గేమ్‌లని డబ్బుకే అమ్మే ఏర్పాటు పెట్టింది. అదే ఏడాది మొదలైన ఇచ్ డాట్ ఐఓలో మాలాంటి ఔత్సాహికులు గేమ్‌ని ఉచితంగానో, ఇష్టమొచ్చిన ధరకో పెట్టుకోవచ్చు, బ్రౌజర్‌లోనే ఆడించవచ్చు. పేరున్న సంస్థలూ ఈ దారి పట్టాయి. ‘హేడీస్’ గేమ్ 2018 డిసెంబరు నుంచి 2020 సెప్టెంబరు దాకా ఆడేవాళ్ళ ముందే పెరిగింది, అసలు ముగింపుని మాత్రం చివరిదాకా దాచిపెట్టారు. ‘బాల్డర్స్ గేట్ 3’ దాదాపు మూడేళ్ళపాటు మొదటి అంకం ఒక్కటే చూపించింది. ఏది చూపించాలో ఎంత ముఖ్యమో, ఏది దాచాలో కూడా అంతే.

అందరూ ఇలాగే చేయాలనీ లేదు. ఎరిక్ బరోన్ అనే అమెరికన్ ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ని దాదాపు నాలుగున్నరేళ్ళు ఒక్కడే కూర్చుని చేశాడు. సగంలో అమ్మకానికి పెట్టలేదు. 2016లో పూర్తయ్యాకే అమ్మాడు, కోట్లమంది కొన్నారు. అంత ఓపిక, అంత నిబ్బరం ఉన్నవాళ్ళ సంగతి వేరు. నాకు లేవు.

సరే, ఇద్దామనుకున్నాం. ఎవరికివ్వాలి?

ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం చేసేవాళ్ళకి ఈ ప్రశ్న గూగులే వేస్తుంది. ప్లే స్టోర్‌లో ఖాతాకి ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే, యాప్‌ని అందరికీ విడుదల చేసేముందు కొంతమంది పరీక్షకులు వరసగా 14 రోజులు చేరి ఉండాలి. మొదట 20 మంది కావాలన్నారు, తర్వాత 12కి తగ్గించారు. పన్నెండుమందే కదా అనుకుంటాం. చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెడితే గంటలో నిండిపోతారు. లెక్క నిండుతుంది, పని మాత్రం జరగదు. మావాళ్ళంతా ఒకటే మాట: “బాగుందమ్మా, చాలా బాగుంది.” భోజనానికి వచ్చిన చుట్టం విస్తరి ముందు “అన్నీ అమోఘంగా కుదిరాయి” అనడం లాంటిదే ఇది. కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో ఆ మాటలో దొరకదు. వాళ్ళు అబద్ధం చెబుతున్నారని కాదు, వాళ్ళు మెచ్చుకుంటున్నది నన్ను. గేమ్‌ని కాదు.

అందుకని “ఎలా ఉంది?” అని అడగడం మానేశాను. బదులుగా, “నువ్వేం చేయాలనుకున్నావు, ఏమైంది?” అంటాను. “ఎక్కడ ఫోన్ పక్కన పెట్టేద్దామనిపించింది?” అంటాను. మా చెల్లెలి కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, వాడికి మొహమాటం తక్కువ. “పెద్దమ్మా, రెండో ట్రిప్పుకే బోర్ కొట్టింది” అన్నాడు. నాకు అందిన మొట్టమొదటి పనికొచ్చే మాట అది. వాడి స్నేహితుడైతే ఫోన్ తిరిగిచ్చేస్తూ, “ఆంటీ, ఇందులో తుపాకులు ఎప్పుడొస్తాయి?” అన్నాడు. రావు నాన్నా.

అడగడం కంటే చూడటం మేలు. ‘హాఫ్-లైఫ్’ అనే గేమ్ 1998లో వచ్చింది. దాన్ని చేసిన వాల్వ్ సంస్థవాళ్ళు తాము అనుసరించిన పద్ధతిని మరుసటి ఏడాదే రాసిపెట్టారు. బయటి మనిషిని ఒకర్ని తెచ్చి రెండు గంటలు ఆడించేవారు. ఆ భాగం తయారుచేసినవాళ్ళు వెనకాల కూర్చుని నోట్స్ రాసుకోవాలి, నోరు మాత్రం ఎత్తకూడదు. ఆడే మనిషి తలుపు పక్కనే నిలబడి తలుపు కనపడక పావుగంట తిరిగినా సరే, “అదిగో అటు” అనకూడదు. గేమ్ అమ్ముడుపోయాక ప్రతి ఇంట్లోనూ మనం వెనకాల కూర్చోలేం కదా. అలా ఒక్కసారి ఆడిస్తే దాదాపు వంద దిద్దుబాట్లు తేలేవట.

నోరు మూసుకుని కూర్చోవడం లెక్చరర్లకి ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు. పిల్లాడు తప్పు చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం మా వృత్తికే విరుద్ధం. మా స్టాఫ్‌రూమ్‌లో ఇంగ్లిష్ చెప్పే మేడమ్ ఆడుతుంటే స్కూటర్లన్నీ ఎడమవైపే పెట్టేస్తున్నారు. “మధ్యలో పెట్టండి మేడమ్” అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ ఎందుకలా పెడుతున్నారో తర్వాత అర్థమైంది: కుడి బొటనవేలు తెర కుడి సగాన్ని కప్పేస్తోంది. అక్కడ చోటుందని ఆవిడకి కనపడనే లేదు. నేను మాట్లాడి ఉంటే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

దూరాన ఉన్నవాళ్ళ వెనకాల కూర్చోలేం. దానికి ఆండ్రాయిడ్ ఫోన్లలోనే ఒక సదుపాయం ఉంది. ఇప్పటి ఫోన్లలో స్క్రీన్ రికార్డింగ్ ఉంటుంది, దానితోపాటు వేలు తాకిన చోట చుక్క చూపించే అమరిక కూడా ఉంటుంది. ఆ రెండూ పెట్టుకుని ఆడి వీడియో పంపమంటాను. వీడియోలో మొహం కనపడదు, మాట వినపడదు, చుక్క ఒక్కటే. ఆ చుక్క ఎక్కడ తడబడిందో, ఎక్కడ ఆగి ఆలోచించిందో, ఎక్కడ విసుగ్గా టపటపా కొట్టిందో అన్నీ తెలిసిపోతాయి. “బాగుంది మేడమ్” అని రాసిన కుర్రాడి చుక్క మొదటి ట్రిప్పు మధ్యలోనే చాలాసేపు కదల్లేదు. బహుశా ఇంకేదో చూస్తూ ఉండి ఉంటాడు.

నా మాటగా ఒక్కటి చెప్పాలంటే ఇదే చెబుతాను: ఆడినవాళ్ళు “ఇక్కడ నొప్పి” అంటే నమ్మాలి. “ఈ మందు వెయ్యి” అంటే మాత్రం కాస్త ఆగాలి. ‘మేజిక్: ద గ్యాదరింగ్’ కార్డుల ఆటకి చాలా ఏళ్ళుగా ప్రధాన రూపకర్తగా ఉన్న మార్క్ రోజ్‌వాటర్ కూడా తన ప్రసంగాల్లో దాదాపు ఇదే అర్థం వచ్చేలా చెప్పాడు. నాకైతే గోదావరి నేర్పింది. ‘పంటు’ తొలి బిల్డ్ ఆడినవాళ్ళలో ఎక్కువమంది అన్నమాట “నది మరీ వెడల్పుగా ఉంది, తగ్గించండి” అని. మా చెల్లెలి కొడుకు బోర్ అన్నది కూడా అక్కడే. తగ్గించడం చిటికెలో పని, ఒక అంకె మారిస్తే చాలు. కానీ గౌతమి వెడల్పే కదా ఈ ఆటకి ప్రాణం. వీడియోలు మళ్ళీ చూశాను. బరువు సర్దడమంతా రేవులోనే అయిపోతోంది. పంటు కదిలాక అవతలి గట్టు చేరేదాకా ఆడేవాళ్ళకి చేయడానికేమీ లేదు. నది వెడల్పు కాదు బాధ, చేతికి పని లేకపోవడం.

నది మధ్యలో ఇంకో లాంచీని తిప్పాను. అది పక్కనుంచి పోతుంటే పంటు మీది జనం చూడటానికి ఒక పక్కకి ఎగబడతారు. మనూరివాళ్ళు ఎగబడకుండా ఉంటారా? పంటు ఒరుగుతుంది. మేకనీ, పెళ్ళివాళ్ళనీ రెండోవైపుకి తరమాలి. నది వెడల్పు అంగుళం కూడా తగ్గించలేదు. తర్వాత బిల్డ్ ఆడినవాళ్ళలో వెడల్పు మాట ఎత్తినవాళ్ళే లేరు. ఒకమ్మాయి మాత్రం “నది చిన్నది చేసినందుకు థాంక్స్ మేడమ్” అని మెసేజ్ పెట్టింది.

తాడు సంగతి ఇంకా తమాషా. అవతలి రేవుకి చేరగానే గుంజకి తాడు విసరాలి. తెరమీద ఒక వలయం తిరుగుతూ గుంజ మీదికి వస్తుంది, వచ్చిన క్షణంలో నొక్కాలి. “సరిగ్గానే నొక్కాను, తాడు పడట్లేదు” అని అందరిదీ ఒకే ఫిర్యాదు. వీడియో నెమ్మదిగా నడిపి చూస్తే సరిగ్గా నొక్కడంలేదు. వలయం గుంజ దాటాక, సెకనులో పదో వంతు ఆలస్యంగా నొక్కుతున్నారు. కొంత మనిషి ఆలస్యం, కొంత పాత ఫోన్ తెర ఆలస్యం. లెక్క ప్రకారం గేమ్‌దే న్యాయం. కానీ ఆటలో న్యాయం లెక్కతో తేలదు.

ఇలాంటి చిక్కుకి గేమ్‌లవాళ్ళ దగ్గర పాత ఉపాయం ఉంది. దానిపేరు కయోటీ టైమ్. రోడ్ రన్నర్ కార్టూన్‌లో కయోటీ కొండ అంచు దాటేసి గాల్లో పరిగెడుతూ ఉంటుంది, కిందికి చూశాకే పడిపోతుంది. దూకే గేమ్‌లలోనూ అంతే: పాత్ర అంచు దాటిపోయినా, ఆ వెంటనే రెప్పపాటులోపు ‘దూకు’ నొక్కితే, ఇంకా నేలమీదే ఉన్నట్టు లెక్కేసి దూకనిస్తారు. 2018లో వచ్చిన ‘సెలెస్టె’ కొండెక్కడం గురించిన గేమ్. చాలా కష్టమైనదని పేరు. అందులో కూడా ఆడేవాళ్ళకి తెలియకుండా వాళ్ళ పక్షాన తూకం మొగ్గేలా ఇలాంటి సడలింపులు ఎన్నో పెట్టామని దాని రూపకర్త మ్యాడీ థోర్సన్ వివరించారు. గేమ్ సెకనుకి 60 ఫ్రేములు నడుస్తుంది కాబట్టి, వలయం గుంజ దాటాక ఇంకో 6 ఫ్రేముల దాకా నొక్కినా తాడు పడేలా మార్చాను. ఎవరికీ చెప్పలేదు. “ఇప్పుడు నాకు బాగా ప్రాక్టీసైంది” అన్నాడు మా చెల్లెలి కొడుకు.

తెలుగులో గేమ్ చేసేవాళ్ళకి మాత్రమే వచ్చే ఫిర్యాదులు కొన్ని ఉంటాయి. నేను వాడేది గోడో అనే ఉచిత సాఫ్ట్‌వేర్. అర్జెంటీనాకి చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఏరియల్ మంజూర్ తయారుచేసి, 2014లో దాని కోడ్‌ని అందరికీ తెరిచి ఇచ్చారు. దాని మూడో తరంలో ఒత్తులు అక్షరం కిందికి వెళ్ళేవి కావు. ముక్తేశ్వరం రేవు బోర్డు మీద ‘ముక్‌తేశ్‌వరం’ అని పొల్లులు పడేవి. 2023 మార్చిలో వచ్చిన గోడో 4తో ఆ బాధ తీరింది. ఇక ఏ ఇబ్బందీ లేదనుకుంటుంటే, మా పక్కింటి రిటైర్డు తెలుగు మాస్టారు ఆడి చూసి, “ఏవమ్మా, మాటలు వచ్చేటప్పుడు అక్షరాలు వేషాలు మారుస్తున్నాయేం?” అన్నారు. ఆయన చెప్పింది నిజమే. గేమ్‌లలో పాత్రల మాటలు టైపు కొట్టినట్టు ఒక్కో అక్షరమే తెరమీదికి వస్తాయి. మన కంటికి ముక్తేశ్వరంలో నాలుగే అక్షరాలు: ము, క్తే, శ్వ, రం. కంప్యూటర్ లోపల మాత్రం గుణింతం గుర్తులు, పొల్లులు, సున్నా విడివిడిగా లెక్కకొస్తాయి, మొత్తం 11. ఒక్కొక్కటే వదులుతుంటే ముందు ‘ముక’ కనపడి, ‘ముక్’ అయి, ‘ముక్త’ అయి, ఆ తర్వాతే ‘ముక్తే’ అవుతుంది. ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఎవరూ పట్టించుకోలేదు దీన్ని, అక్షరం మీద ప్రేమ ఉన్న మనిషికే కంట్లో నలుసులా తగిలింది. మాటంతా కట్టాక అక్షరాలుగా వదిలే అమరిక గోడోలోనే ఉంది, మార్చాను. మాస్టారు మళ్ళీ ఆడలేదు. ఆయనకి కావాల్సింది అయిపోయింది.

ఒరుగుడు చూపించే పట్టీ మొదట ఆకుపచ్చ నుంచి ఎరుపుకి మారేది. ఒక కుర్రాడు ప్రమాదం ఎప్పుడొస్తోందో తెలియక ప్రతిసారీ పంటు ముంచేస్తున్నాడు. ఆ రెండు రంగుల తేడా సరిగ్గా తెలియనివాళ్ళు మగపిల్లల్లోనే ఎక్కువ, ఎందుకంటే ఆ తేడా పట్టే జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. పట్టీకి రంగుతోపాటు ఒరిగే ముల్లు కూడా తగిలించాను.

బొమ్మల విషయంలో నాకో గట్టి అభిప్రాయం ఉంది, చాలామంది ఒప్పుకోరు. తొలి బిల్డ్‌లో స్కూటరంటే నల్లటి డబ్బా, మనిషంటే గుండ్రటి చుక్క. అది చూసినవాళ్ళు ఆట గురించే మాట్లాడారు. తర్వాత ఉత్సాహం కొద్దీ కొన్ని బొమ్మలు వేసి పంపితే చీర రంగు గురించి, స్కూటర్ మోడల్ గురించి, కొబ్బరిచెట్ల ఎత్తు గురించి మాటలొచ్చాయి. సగం అందంగా ఉన్నది చూస్తే అందం గురించే మాట్లాడాలనిపిస్తుంది కాబోలు. అంతా తేలేదాకా డబ్బాలే నయం అంటాను.

చివరిగా ఆడినాయన నిజం పంటు తెలిసిన సరంగు. గోదారి మీదే జీవితం గడిచినాయన. ఫోన్ని దూరంగా పట్టుకుని, కళ్ళజోడు పైకి తోసి, ఒక ట్రిప్పు ఆడాడు. “ఇదేంటమ్మా, నది నిలబడిపోయిందా?” అన్నాడు. ఫిజిక్స్ చదివినవాళ్ళు, చదివించినవాళ్ళు అంతమంది ఆడారు, ఆ మాట ఒక్కరికీ తట్టలేదు. నా గౌతమిలో ప్రవాహమే లేదు. పంటు ఈ రేవు నుంచి ఆ రేవుకి గీత గీసినట్టు పోతోంది. ఆయన చేత్తో గాల్లో చూపించాడు: ముక్కు ఎగువకి పెట్టుకోవాలి, నీరు దిగువకి తోసుకుపోతుంటే రెండూ కలిసి రేవుకి చేరుస్తాయి. వరద పెరిగేకొద్దీ ముక్కు ఇంకా ఎగువకి తిప్పాలి. నేను నల్లబల్ల మీద సదిశల సంకలనమని రెండు బాణాలు గీసి చెప్పేది అదే. ప్రవాహం చేర్చిన బిల్డ్ ఇప్పుడు నడుస్తోంది. కష్టమైందని పిల్లలు గోలపెడుతున్నారు, వదిలిపెట్టడం మాత్రం లేదు.

ఆయన ఇంకోమాట కూడా అన్నాడు. తాడు అలా ఎవరూ విసరరట, అదంతా తీసెయ్యమన్నాడు. పిల్లల వీడియోలు చూస్తే, వాళ్ళు ఆడేదే ఆ తాడు కోసం. తాడు ఉంటుంది. ఆయనకి ఆ సంగతి ఇంకా చెప్పలేదు.